బల్ల మీద ఇచ్చేదీ, ఇంటికి పంపేదీ

ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరూ మందుల మధ్య బతికినవాళ్లే. మామయ్య విజయవాడలో మందుల షాపు నడిపి, ఇప్పుడు పెద్దకొడుక్కి అప్పజెప్పిన ఫార్మసిస్టు. మేనకోడలు హైదరాబాదులో మత్తు డాక్టరు. అత్తయ్యకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని తేలింది, లాప్రోస్కోపీ ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారు. ఆపరేషన్‌కి సరేనన్న మామయ్య, ఫెంటానిల్ దగ్గర అడ్డం తిరిగారు.

మామయ్య: కోయనీ, రాళ్లు తీయనీ, నేనేం అడ్డుపడను. ఆ ఫెంటానిల్ మాత్రం మీ అత్తయ్య ఒంట్లోకి పోనివ్వను. అమెరికాలో 2021 చూడు, 2022 చూడు, 2023 చూడు. ఆ కోవ మందులకి పోయినవాళ్లు ఏటా 70 వేల పైమాటే. మా చిన్నాడు ఒహాయోలో ఉన్నాడుగా, వాళ్ల ఊళ్లో లైబ్రరీలో కూడా విరుగుడు స్ప్రే పెట్టారట. అలాంటి మందుని నా చేత్తో సంతకం పెట్టి ఎక్కించమనాలా?

మేనకోడలు: ఆ లెక్క నిజమే మామయ్యా. కానీ వాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసింది దొంగతనంగా తయారై, వేరే బిళ్లల్లోనో పొడుల్లోనో కలిసిపోయిన సరుకు. అందులో ఎంత ఉందో అమ్మేవాడికీ తెలీదు, మింగేవాడికీ తెలీదు. నా చేతిలో ఉండే ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లు, అందులో ఫెంటానిల్ 100 మైక్రోగ్రాములు. అత్తయ్య 60 కిలోలు అనుకుంటే, మొదట ఇచ్చేది ఇంచుమించు ఆ ఒక్క ఆంప్యూలే. ఇచ్చాక నేను ఆవిడ తల దగ్గర నుంచి కదలను. వాడిన ఆంప్యూల్ ఖాళీదైనా తిరిగి అప్పజెప్పి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి.

మామయ్య: మార్ఫిన్‌కి వంద రెట్లు బలం అంటారు. అంత బలమైనది గాల్‌బ్లాడర్‌కి ఎందుకు?

మేనకోడలు: బలం ఎక్కువ గనకే మోతాదు తక్కువ. మార్ఫిన్ మిల్లీగ్రాముల్లో కొలుస్తాం, దీన్ని మైక్రోగ్రాముల్లో. 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ యాన్సెన్ దీన్ని తయారుచేశాడు. ఆపరేషన్‌కి ఇది అక్కరకొచ్చిందంటే, రెండు నిమిషాల్లో పని మొదలుపెట్టి, మామూలు మోతాదులో అరగంట నుంచి గంటలోపు దిగిపోతుంది కాబట్టి. గంటల తరబడి ఎక్కిస్తూ పోతే కొవ్వులో చేరి దిగడం ఆలస్యమవుతుంది, అది వేరే. మీ షాపు బల్ల మీద అమ్ముడయ్యే బిళ్లకీ దీనికీ వాడుకలో పోలికే లేదు.

మామయ్య: సరే, నాకు ఒక్కటి చెప్పు. మనిషిని నిద్రపుచ్చాక నొప్పెక్కడిది? తెలియని నొప్పికి మందెందుకు?

మేనకోడలు: చాలామంది అడగరు మామయ్యా, మీరు అడిగారు. నిద్రపుచ్చే ప్రొపోఫాల్ తెలివి తప్పిస్తుంది గానీ నొప్పిని ఆపదు. నొప్పి మందు చాలకుండా కత్తి పెట్టారనుకోండి, మానిటర్ మీద 72 ఉన్న గుండె వేగం చూస్తుండగానే 110కి ఎగబాకుతుంది. బీపీ లేస్తుంది. నుదుటి మీద చెమట పడుతుంది. టేపు అంటించిన కంటి కొసన నీళ్లు ఊరతాయి. మనిషికి తెలీదు, లేచాక గుర్తుండదు. ఒంటికి మాత్రం అన్నీ తెలుస్తాయి. అత్తయ్యకి బీపీ ఉంది కదా, ఆ వయసు గుండె మీద ఆ పరుగు ఎంత బరువో ఆలోచించండి.

ఒకప్పుడు నెలలు నిండని పసికందులకి ఇలాగే చేసేవాళ్లు. వాళ్లకి నొప్పి అంతగా తెలీదని, మందిస్తే తట్టుకోలేరని, కదలకుండా కండరాలు సడలించే మందూ కాస్త నైట్రస్ ఆక్సైడూ ఇచ్చి గుండె పక్కన ఆపరేషన్ చేసేసేవాళ్లు. ఇండోర్‌లో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన ఆనంద్ అనే మన డాక్టరు, 1987లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వేశాడు. సగంమంది పిల్లలకి పాత పద్ధతే, మిగతా సగానికి దానితోపాటు ఫెంటానిల్. ఫెంటానిల్ లేని పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు విపరీతంగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులూ వాళ్లకే ఎక్కువొచ్చాయి. మీరు వద్దంటున్న మందే ఆ పిల్లలకి మేలు చేసింది.

మామయ్య: పసిపిల్లల మాట చెప్పి నా నోరు మూయించకు. ఈమధ్య ఫెంటానిల్ లాంటి నల్లమందు జాతి మందులు అసలు లేకుండానే మత్తిస్తున్నారని నేనూ చదివాను. పారాసెటమాల్ డ్రిప్పు, నరానికి బ్లాకు, కాస్త కీటమిన్. అలా కానివ్వొచ్చుగా?

మేనకోడలు: వాటిని నేనూ వాడతాను. పారాసెటమాల్ సెలైన్‌లో ఎక్కిస్తాం, కోత పెట్టే చోట తిమ్మిరెక్కించే బుపివకెయిన్ పొడుస్తాం. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నది అదే: ఒక్క మందునే దంచకండి, నాలుగు మందులు కొంచెం కొంచెం వాడండి అని. అవి వాడితే ఫెంటానిల్ తగ్గుతుంది. పూర్తిగా మానేయడం వేరే సంగతి. ఫ్రాన్సులో ఫెంటానిల్ కోవదే అయిన రెమిఫెంటానిల్ బదులు, ఆ కోవకి చెందని డెక్స్‌మెడిటోమిడిన్ ఇచ్చి చూశారు, 2021లో ఫలితాలు అచ్చేశారు. డెక్స్‌మెడిటోమిడిన్ ఇచ్చినవాళ్లలో ఐదుగురికి గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవడంతో ఆ పరీక్షని మధ్యలోనే ఆపేశారు. ఇక డైక్లోఫెనాక్ ఇద్దామంటారా? అత్తయ్యకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, కిడ్నీల రిపోర్టు చూడకుండా అది నేనివ్వను. ఏ మందూ ఊరికే రాదు మామయ్యా, ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట చెల్లించాలి.

మామయ్య: అంటే మీరు ఎంత పోస్తే అంత మంచిదా?

మేనకోడలు: కాదు. ఆ మాట మీతో నేనూ అంటాను. రెమిఫెంటానిల్ లాంటిది భారీగా ఎక్కిస్తే, లేచాక నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. నరాలు ఇంకా సున్నితమైపోతాయి. తక్కువైతే గుండెకి చేటు, ఎక్కువైతే ఊపిరికీ నరాలకీ చేటు.

మామయ్య: ఊపిరి అన్నావు. అది చెప్పు ముందు.

మేనకోడలు: మీరు అలవాటుకి భయపడుతున్నారు, ఆ పూట నేను భయపడేది ఊపిరికి. నల్లమందు జాతిది ఏదైనా సరే, ఊపిరి తీయమని చెప్పే మెదడు భాగాన్ని మందగింపజేస్తుంది. థియేటర్లో గొట్టం ఉంటుంది, మెషీన్ ఊపిరి పోస్తుంది. గండం గొట్టం తీశాక, రికవరీ గదిలో. మనిషి మగతగా పడుకుని ఉంటుంది. వేలికి క్లిప్పు, తెర మీద 98 అని అంకె. బంధువులు ఆ అంకె చూసి నిశ్చింతగా టీకి వెళతారు. ముక్కుకి ఆక్సిజన్ పెట్టి ఉంచినప్పుడు, ఊపిరి మందగించినా ఆ అంకె చాలాసేపు పడదు. అందుకే నేను ముందు ఛాతీ చూస్తాను, తర్వాతే తెర. నిమిషానికి ఎన్నిసార్లు లేస్తోంది? పదికి తగ్గితే పేరు పెట్టి పిలుస్తాను. పలక్కపోతే గడ్డం పైకెత్తుతాను. విరుగుడు నలోక్సోన్ చేతికందే చోట ఉంటుంది. అది ఇచ్చినా అక్కడి నుంచి వెళ్లిపోకూడదు, ఎందుకంటే దాని పని అరగంట నుంచి గంటన్నరలోపు అయిపోతుంది. ఇచ్చింది మార్ఫిన్ అయితే అది ఇంకా ఒంట్లోనే ఉంటుంది, మళ్లీ మగత కమ్ముకొస్తుంది. అవునూ, అత్తయ్య గురక పెడుతుందా?

మామయ్య: పెడుతుంది. పక్క గదిలోకి వినిపిస్తుంది.

మేనకోడలు: గురక మధ్యలో ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు మళ్లీ మొదలవుతుందా?

మామయ్య: రోజూ అంతే. ఏళ్ల నుంచీ.

మేనకోడలు: ఇదండీ మీరు ఆసుపత్రిలో అందరికంటే ముందు చెప్పాల్సింది! నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లకి ఈ మందులు మామూలువాళ్ల కంటే ఎక్కువ ప్రమాదం. మోతాదు తగ్గించాలి, ఆపరేషన్ అయ్యాక వార్డుకి తొందరగా పంపకూడదు, రాత్రంతా మానిటర్ మీద ఉంచాలి. నిద్రమాత్ర ఎవరూ ఇవ్వకూడదు. మీరు ఫెంటానిల్ గురించి ఇంత గొడవ చేసి గురక సంగతి చెప్పకపోతే, కాపాడాల్సిన చోట కాపాడనట్టే.

నిజానికి ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చూసే ఆ పావుగంటలో ఎన్ని దాస్తామో! మగవాళ్లని తాగుడు అలవాటు గురించి అడిగితే భార్య ఎదుట ‘అప్పుడప్పుడు’ అంటారు. నిద్రమాత్రల సంగతి ఆడవాళ్లు చెప్పరు. ఎప్పుడో ఫోర్ట్‌విన్ అనే నొప్పి ఇంజెక్షన్లకి అలవాటుపడి బయటపడినవాళ్లు ఆ ముక్క ఎత్తరు. మత్తు డాక్టరు మోతాదు కట్టేది ఈ జవాబుల మీదే. రోజూ తాగేవాడు ‘అప్పుడప్పుడు’ అంటే ఆ లెక్క మొదటి నుంచే తప్పుతుంది.

మామయ్య: గురక సంగతి చెబుతాలే. అలవాటు మాట తప్పించుకోకు. అమెరికాలో అంతకుముందు నల్లమందు జాతి మందులు వాడని 36,177 మందిని లెక్క తీశారు, 2017లో. ఆపరేషన్ అయిన మూడు నెలలు దాటాక కూడా వాటిని కొంటున్నవాళ్లు, చిన్న ఆపరేషన్ అయినవాళ్లలో వందకి 5.9, పెద్దదైతే 6.5. ఆపరేషనే కానివాళ్లలో 0.4. తలుపు తెరుస్తున్నది ఆపరేషనే కదమ్మా!

మేనకోడలు: ఆ అంకెల్నే మళ్లీ చూడండి. చిన్న ఆపరేషన్‌లో థియేటర్లో పడే మందు తక్కువ, పెద్దదాంట్లో చాలా ఎక్కువ. అలవాటు చేసేది బల్ల మీద ఇచ్చిన మందే అయితే 5.9కీ 6.5కీ మధ్య అంత దగ్గరతనం ఎందుకుంటుంది? అందులోనే చెప్పారు, ఎక్కువగా చిక్కుకున్నది ఎవరో: పొగ తాగేవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు, మనసు కుంగినవాళ్లు, ముందు నుంచీ ఏదో నొప్పితో బాధపడేవాళ్లు. ఇంకోటి వినండి, ఇది అత్తయ్య ఆపరేషనే. గాల్‌బ్లాడర్, అపెండిక్స్, మోకాలి లోపలి మృదులాస్థి, రొమ్ములో గడ్డ, ఈ నాలుగు ఆపరేషన్లూ మూడు దేశాల్లో పోల్చారు, 2019లో అచ్చయింది. వారంలోపు నల్లమందు జాతి బిళ్లలు కొన్నవాళ్లు అమెరికాలో వందకి 76, కెనడాలో 79, స్వీడన్‌లో 11. కోత అదే, కెమెరా అదే. థియేటర్లో ఫెంటానిల్ స్వీడన్‌లోనూ ఇస్తారు. ఇంటికి పంపే కవర్లోనే తేడా.

మామయ్య: స్వీడన్‌వాళ్లకి నొప్పి పుట్టదా మరి?

మేనకోడలు: పుడుతుంది. గాల్‌బ్లాడర్ తీశాక బొడ్డు దగ్గర రెండు మూడు రోజులు సలుపుతుంది. దానికంటే కుడి భుజం నొప్పికి జనం హడలిపోతారు. పొట్ట ఉబ్బించడానికి నింపిన గ్యాసు పైకి చేరి డయాఫ్రాన్ని ఒరుస్తుంది, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. గుండెపోటేమో అనుకుంటారు. లేచి నాలుగడుగులు నడిచి, పారాసెటమాల్ వేళకి వేసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నొప్పి వచ్చాక కాదు, వేళకి. దీనికి నల్లమందు జాతి బిళ్ల ట్రమడాల్ స్ట్రిప్పు ఎందుకు మామయ్యా? మోకీలు మార్పిడి అయితే వేరు, అక్కడ కొన్ని రోజులు గట్టి మందు లేకపోతే కాలు మడవలేరు, మడవకపోతే కీలు బిగుసుకుపోతుంది. అక్కడ కూడా ఎన్ని రోజులన్నదే లెక్క. 2017లోనే అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ చూపించింది: మొదటి చీటీలో ఒక్క రోజుకైనా రాసినవాళ్లందరిలో ఏడాది తర్వాతా వాడుతున్నవాళ్లు వందకి 6. ఎనిమిది రోజులూ ఆపైన రాస్తే 13.5. నెల దాటితే దగ్గర దగ్గర 30.

మామయ్య: ఇప్పుడు నువ్వు నా షాపులోకొచ్చావు. డాక్టర్లు ‘ఏం కాదు’ అంటే నేను నమ్మకపోవడానికి కారణం ఉంది. 1980లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక పత్రికకి ఐదు వాక్యాల ఉత్తరం రాశారు. ఆసుపత్రిలో ఈ మందులు తీసుకున్న 11,882 మందిలో అలవాటుపడ్డవాళ్లు నలుగురేనని. ఆసుపత్రిలో నర్సు చేతి మీదుగా తీసుకున్నవాళ్ల లెక్క అది. దాన్ని పట్టుకుని, నెలల తరబడి ఇంట్లో వేసుకునే బిళ్లలకి కూడా అభయమిచ్చేశారు. 1996లో ఆక్సీకాంటిన్ అనే ఈ జాతి బిళ్ల వచ్చింది. దాన్ని అమ్మిన పర్డ్యూ వాళ్లు 2007లో కోర్టులో తప్పొప్పుకున్నారు. అప్పటికి ఎన్ని ఇళ్లు కూలాయి? అప్పుడూ డాక్టర్లే ధైర్యం చెప్పారు, ఇప్పుడు నువ్వూ డాక్టరువే.

మేనకోడలు: కాదనను. ఆ ఉత్తరాన్ని వందల వ్యాసాల్లో ఉదహరించారు, వాళ్లలో చాలామంది అది ఆసుపత్రిలో ఉన్నవాళ్ల లెక్కని చెప్పనే లేదు. మా వృత్తికి అది మచ్చ. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను, ఈ మందులు రోజూ చేతుల్లో ఉండే మత్తు డాక్టర్లలోనే అలవాటుపడినవాళ్లున్నారు. అందుకే ఆ ఖాళీ ఆంప్యూళ్ల లెక్క. కానీ ఆ ఉత్తరంలో తప్పు ఎక్కడ జరిగింది? ఆసుపత్రి లెక్కని ఇంటికి తీసుకెళ్లడంలో. మీరు చేస్తున్నది తిరగేసి అదే, ఇంటి లెక్కని థియేటర్లోకి తెస్తున్నారు.

మామయ్య: తెలివిగానే చెప్పావు. మరి మన ఇళ్ల సంగతి వింటావా? ట్రమడాల్‌ని 2018లో మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ కిందకి తెచ్చారు. అంతకుముందే హెచ్1 షెడ్యూలు, ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక, రిజిస్టర్లో పేషెంటు పేరు, డాక్టరు పేరు, మూడేళ్లు దాచాలి. నేను దాచాను. అయితే ఏమైంది? లారీ డ్రైవరొకడు, కాలు విరిగితే రాడ్డు వేశారు. డిశ్చార్జి చీటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చేవాడు. మడతల దగ్గర చిరిగి, తేదీ ఉన్నచోట చెమటకి సిరా పోయింది. ట్రమడాల్ ఎదురుగా ఎస్ఓఎస్ అని, అంటే అవసరమైతే వేసుకోమని ఉంది. ఎన్ని రోజులో లేదు. ఆ మూడక్షరాలతో వాడు ఊరూరా షాపుల్లో కొనుక్కుంటున్నాడు. ఎముక ఎప్పుడో అతుక్కుంది. బిళ్ల మానితే ముక్కు కారుతుంది, ఆవలింతలు, ఒళ్లంతా లాగేస్తుంది, నిద్ర పట్టదు. అది కాలి నొప్పే అనుకుంటాడు వాడు. వాడికి ఇది చెప్పాల్సినవాడు ఎవరమ్మా? కోసిన డాక్టరా, మత్తిచ్చిన డాక్టరా, నేనా?

ఈ ప్రశ్న దగ్గర ఇది రాస్తున్న నేను మామయ్య పక్షం. థియేటర్లో ఇచ్చే మందు విషయంలో మేనకోడలి మాటే సరైనదని నా నమ్మకం. డిశ్చార్జి రోజున మాత్రం మన ఆసుపత్రుల్లో మందుల గురించి మాట్లాడే మనిషి ఉండడు. బిల్లు కౌంటర్ దగ్గర గంటలు గడుస్తాయి, మందుల చీటీ మీద ఒక నిమిషం. ఏది ఎప్పుడు మానాలో రోగికి ఎవరూ చెప్పరు. గట్టి నొప్పి మందు రాసిన ప్రతి చీటీ మీదా, ఆఖరి రోజు ఏదో తేదీ వేసి రాయడానికి డాక్టరుకి పట్టేది ఒక్క క్షణం.

మేనకోడలు: మత్తిచ్చిన డాక్టరు కూడా చెప్పాలి మామయ్యా. రికవరీ గది దాటగానే మా పని అయిపోయిందనుకుంటాం, అది మారాలి. కానీ మీ భయం మరీ ముదిరితే ఏమవుతుందో కూడా ఈ దేశం చూసింది. 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక లైసెన్సుల గొడవకి భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. నల్లమందు పండించి, ఘాజీపూర్, నీమచ్ ఫ్యాక్టరీల్లో శుద్ధి చేసే దేశంలో కేన్సర్ రోగులు మార్ఫిన్ చుక్క దొరక్క అరుస్తూ పోయారు. కేరళలో డాక్టర్ రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో చట్టం సవరించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రికి ఎన్ని జిల్లాల నుంచి వస్తారో మీకు తెలుసు. ‘మార్ఫిన్ వద్దు డాక్టర్, అలవాటైపోతుంది’ అని మంచం పట్టిన తండ్రి తరఫున కొడుకులు అడ్డుపడుతుంటారు.

మామయ్య: కేన్సర్ వేరు. దాన్ని దీనిలో కలపకు.

మేనకోడలు: రోగం వేరే, భయం ఒకటే. ఆపరేషన్ అయ్యాక తీవ్రమైన నొప్పిని పట్టించుకోకుండా వదిలేసినవాళ్లలోనే అది నెలల తరబడి నిలిచిపోయే అవకాశం ఎక్కువ. ఆ నిలిచిపోయిన నొప్పే మనుషుల్ని మీ కౌంటర్ దగ్గరికి తీసుకొస్తుంది.

మామయ్య: సరే. ఫెంటానిల్ ఇవ్వండి, మీరు పక్కనుండి ఇవ్వండి. గురక సంగతి నేనే చెబుతాను. ఇంటికి మాత్రం పారాసెటమాలే. డిశ్చార్జి చీటీలో ట్రమడాల్ కనిపిస్తే అక్కడే కొట్టేయిస్తాను.

మేనకోడలు: కొట్టేయించకండి, అడగండి. ‘ఇది ఎందుకు, ఎన్ని రోజులు, మిగిలితే ఏం చేయాలి’ అని. పారాసెటమాల్‌కి లొంగని నొప్పి అత్తయ్యకి వస్తే, కడుపులో ఇంకేదో తేడా జరిగిందేమో చూడాలి. అప్పుడు బిళ్ల మింగించి పడుకోబెట్టకూడదు, ఆసుపత్రికి తీసుకురావాలి.

మామయ్య: ఆ డ్రైవరు విషయంలో అయితే నేను తేల్చేశాను. మా వాడికి చెప్పాను, రేపటి నుంచి ఒక్క బిళ్ల ఇవ్వొద్దని. పక్క షాపులవాళ్లకీ చెప్పాను.

మేనకోడలు: అయ్యో, అలా చేయకండి మామయ్యా! ఇన్ని నెలలు వాడినవాడికి ఒక్కసారిగా ఆపితే నరకం చూస్తాడు. తట్టుకోలేక రోడ్డు మీద దొరికేది ఏదో కొంటాడు, లేదా లారీ ఎక్కి కూర్చుంటాడు. పోనీ తనంతట తాను ఎక్కువ మింగితే ఫిట్స్ రావచ్చు. మోతాదు మెల్లగా దించాలి, పక్కన డాక్టరు ఉండాలి. ఎన్ని బిళ్లలు వేస్తున్నాడో నిజం చెప్పమనండి, తిట్టనని చెప్పండి. విజయవాడ పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించవచ్చు. వాడి నంబరు మీ రిజిస్టర్లో ఉందా?

మామయ్య: రిజిస్టర్లో పేరుంది. నంబరు మా వాడి ఫోన్లో ఉంటుంది. ఆగు, అడుగుతాను.